ఇప్పకల్లు కొట్టులో పందిపిల్లలు

ఎండలు ముదిరాక ఆ అడవిలో వాగంతా ఇసకే. చల్లగా కూర్చోవాలన్నా, గొంతు తడుపుకోవాలన్నా, నలుగురి మొహాలు చూడాలన్నా మిగిలేది ఒక్కటే చోటు. వాగు ఒడ్డున ఇప్పచెట్ల కింద జంబన్న నడిపే కల్లు కొట్టు.

జంబన్న నక్క. పని చేసే జాతి కాదు, పని జరిగే చోట ముందు నిలబడే జాతి. పూలు రాల్చేది ఇప్పచెట్టు. బండలో తొట్టి తొలిచింది వాన. పూలను పులియబెట్టేది ఎండ. పక్కనే ఇసకలో నీళ్ల చెలమ తవ్వింది వరాలు అనే అడవిపంది, తన మూతితో. జంబన్న చేసిందల్లా వీటన్నిటి మధ్యా నిలబడి "రండి, కూర్చోండి" అనడం. ఆ మాటతోనే అది జంబన్న కొట్టు అయిపోయింది. ఎలా అయిందని ఎవరూ అడగలేదు. దాహంగా ఉన్నవాళ్లు అలాంటివి అడగరు.

ఆ కొట్టుకో కట్టుబాటు ఉంది. ఏ నియమమైనా చెట్టు చిటారు కొమ్మన కూర్చునే చిలక నోటితో రావాలి. చిలక ఒకసారి చెప్పిందంటే అది అందరికీ వర్తిస్తుంది. మళ్లీ చిలకే కాదనేదాకా దాన్ని మార్చడం జంబన్న తరం కూడా కాదు.

ఒక సాయంత్రం కొట్టు నిండుగా ఉంది. తొట్టి పక్కన ఎలుగుబంటి భల్లయ్య, ఒళ్లో చెదపురుగుల పుట్టముక్క పెట్టుకుని కల్లు తాగుతున్నాడు. ఎత్తైన బండ మీద నెమలి పింఛయ్య తోక సర్దుకుంటున్నాడు. చెలమ పక్కన తాబేలు డిప్పవ్వ. కాస్త దూరంలో వరాలు మొగుడు కోరయ్య, మోదుగాకు దొప్పలో మూతి పెట్టి లోకాన్ని మర్చిపోయి ఉన్నాడు.

అప్పుడే వరాలు వచ్చింది. వెనక గంపెడు పిల్లలు. రోజంతా పిల్లలు ఆమెని తాగుతారు, ఆమె తాగేది ఈ ఒక్క గంట. వచ్చీరాగానే మూతితో తవ్వి తెచ్చిన కందగడ్డలు జంబన్న ముందు పడేసి, చెలమ దగ్గరికి వెళ్లి, కళ్లు మూసుకుని నీళ్లు తాగడం మొదలుపెట్టింది.

ఆమె కళ్లు మూసుకుంటే పిల్లలు ఊరుకుంటారా? ఒకడు భల్లయ్య వీపెక్కాడు. ఇద్దరు ఒకే కందగడ్డ కోసం కీచుమన్నారు. ఒకతె పింఛయ్య తోకలో కళ్లన్నీ నిజం కళ్లేననుకుని మూతితో పొడిచి చూసింది.

"అబ్బబ్బా!" పింఛయ్య ఎగిరి దూకాడు. "ఇది కొట్టా, పందుల గుంటా? ప్రశాంతంగా కూర్చుందామని వస్తే ఏంటీ నస? జంబన్నా, నేనింక రాను!"

"అంత మాటనకండి బాబూ, మీరొస్తేనే కొట్టుకి అందం."

"మా కాలంలో పిల్లలు నోరెత్తేవాళ్లు కాదు," అంది డిప్పవ్వ. "నా పిల్లలు నా ముందు ఒక్కసారి అరిచారేమో అడుగు."

అడగక్కర్లేదు. డిప్పవ్వ వాగు ఇసకలో గుడ్లు పెట్టి, మట్టి కప్పి, వెనక్కి చూడకుండా నడిచిపోయిన మనిషి. ఆమె పిల్లలు ఆమె ముందు అరవలేదన్నది నూటికి నూరు పాళ్లూ నిజం.

కోరయ్య కూడా దొప్పలోంచి మూతి ఎత్తాడు. "ఎవరి పిల్లలో గానీ చెవులు చిల్లులు పడుతున్నాయి. పెంచడం చేతకానప్పుడు కనడమెందుకు?"

వరాలు కళ్లు తెరిచింది. "నీ పిల్లలే."

"ఆ?"

"నీ పిల్లలేనయ్యా. ఆ చివరివాడి చెవులు చూడు, అచ్చం నీవే."

అందరూ గొల్లుమని నవ్వారు. కోరయ్య కూడా నవ్వాడు. నవ్వి, మళ్లీ దొప్పలో మూతి పెట్టాడు. నవ్వు ఆగాక అందరూ వరాలు వైపే చూశారు.

"అయితే అదుపులో పెట్టుకోవచ్చుగా అమ్మా," అన్నాడు పింఛయ్య. అని, కోపం తీరడానికి కాబోలు మెడ సాచి ఒక్క కేక పెట్టాడు. ఆ కేకకి కొండ అవతల గబ్బిలాలు లేచాయి. చెట్టు మీద ఉడత జారిపడింది. ఎవరూ ఏమీ అనలేదు. నెమలి కేక వేస్తే వాన వస్తుందట.

"నాకొకటి అర్థం కావట్లేదు," అన్నాడు భల్లయ్య తల గోక్కుంటూ. భల్లయ్య మంచివాడే, ఆలోచన కాస్త నిదానం. "ఇప్పుడు వినపడింది పిల్లల గోల కన్నా పెద్దది కదా?"

"అది గోల కాదు మామా, గానం," అన్నాడు జంబన్న.

"ఓహో," అన్నాడు భల్లయ్య. అర్థం కాలేదని మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

వరాలు పిల్లల్ని పోగేసుకుని వెళ్లిపోయాక జంబన్న చిలకని కిందికి పిలిచాడు. పింఛయ్య పోతే అతన్ని చూడ్డానికి వచ్చేవాళ్లూ పోతారని భయం.

"పిల్లలకు ప్రవేశం లేదని చెప్పెయ్యనా?" అంది చిలక.

జంబన్న నాలుక కరుచుకున్నాడు. "వద్దు వద్దు. పిల్లలొద్దంటే చెడ్డపేరు. పసివాళ్ల మీద పడ్డాడంటారు. నాకు పిల్లలంటే ప్రాణమని అందరికీ తెలుసు. తల్లులొద్దని చెప్పు. తల్లుల్ని ఏమన్నా ఎవరూ ఏమీ అనుకోరు."

చిలక చిటారు కొమ్మెక్కి అడవంతా వినపడేలా అరిచింది. "పిల్లల్ని చూసుకుంటూ కూర్చునే తల్లులకు ఈ కొట్టులో చోటు లేదు! అలాంటి తల్లి కనపడితే ఆ క్షణమే బయటికి!"

పొదలో పడుకున్న వరాలు విన్నది. మొదట అర్థం కాలేదు. పిల్లల్ని చూసుకోలేదని తిట్టారు. ఇప్పుడు చూసుకుంటే చోటు లేదంటున్నారు. రెండిట్లో ఏది తప్పు? రెండూ తప్పైతే చెయ్యాల్సింది ఏంటి? ఎంత తిప్పి చూసినా తల తిరిగిందే తప్ప తేలలేదు.

తెల్లారేసరికి ఆ ప్రశ్నకి దాహం తోడైంది. ఆ చెలమ కాక నీళ్లున్నది కొండ మడుగులోనే. అక్కడ చిరుత కాపు వేసి ఉంటుంది. పిల్లలతో వెళ్తే పిల్లలు మిగలరు. పిల్లల్ని పొదలో వదిలి వెళ్తే అసలే మిగలరు. మధ్యాహ్నానికి చిన్నవాడు చన్ను పట్టి లాగి లాగి, వదిలేసి, తల్లి మొహంలోకి చూశాడు.

"అమ్మా, రావట్లేదు."

వరాలు లేచి నిలబడింది. ఎండిన బురదగుంటలో కోరయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, సాయంత్రం కొట్టుకి వెళ్తావా?"

"వెళ్లకపోతే ఎలా? అలవాటు."

"అయితే పిల్లల్ని నువ్వు తీసుకురా."

కోరయ్య ఒక కన్ను తెరిచాడు. "నేనా? నాకేం తెలుసు? అసలెంతమంది?"

"తెలియక్కర్లేదు. నువ్వు నడువు, వాళ్లే వస్తారు." పందిపిల్లల తీరే అంత. ముందు ఎవరు నడిస్తే వాళ్ల తోక చూసుకుంటూ నడుస్తారు.

"గోల చేస్తేనో?"

"నిన్నెవరూ ఏమీ అనరులే," అంది వరాలు. ఆమె వెటకారంగా అందో నిజంగానే అందో కోరయ్యకి తెలియలేదు. ఆమెకీ అప్పటికి పూర్తిగా తెలియదు.

సాయంత్రం వరాలు ఒక్కతే వచ్చింది. వెనక చాలా దూరంలో పిల్లలతో కోరయ్య నడుస్తున్నాడు. బాట మలుపు దాకా వాళ్లని తిరిగి తిరిగి చూసుకుంటూనే వచ్చింది. చెలమ ఒడ్డున కూర్చుని కడుపారా నీళ్లు తాగింది. పిల్లలు పుట్టాక ఎవరూ చెవి లాగకుండా తాగడం అదే మొదటిసారి. హాయిగా ఉంది, ఏదో మర్చిపోయి వచ్చినట్టూ ఉంది.

జంబన్న చుట్టూ చూశాడు. పిల్లలు లేరు. "చూశావా వరాలక్కా, ఎంత బావుందో! పిల్లలేరీ మరి?"

"వాళ్ల నాన్న దగ్గరున్నారు."

"నాన్న దగ్గరా?" డిప్పవ్వ మెడ డిప్పలోంచి జానెడు బయటికి వచ్చింది. "పసివాళ్లని మగాడి మీద వదిలేసి కల్లు కొట్టులో కూర్చున్నావా? ఏం తల్లివే నువ్వు!"

"నాకొకటి అర్థం కావట్లేదు అవ్వా," అన్నాడు భల్లయ్య. "నిన్న తెచ్చిందనేగా తిట్టాం?"

"నువ్వూరుకోరా. నీకు పెళ్లి కాలేదు."

ఈలోగా బాట మలుపులో కోరయ్య కనపడ్డాడు. వెనక తోక వెంట తోకగా పిల్లలు. కొట్టులోకి అడుగు పెట్టగానే వాళ్లు ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు. నిన్నటి కన్నా గోల రెట్టింపైంది, ఎందుకంటే వాళ్లని ఆపేవాళ్లు లేరు.

వరాలు జంబన్న వైపు చూసింది. ఇప్పుడు కోరయ్యని గెంటితే పిల్లలతో పాటు తనూ వెళ్లాలి. ఈ రాత్రికి చన్నుల్లో చేరిన పాలు రేపటికి ఉండవు.

జంబన్న ముందుకు ఉరికాడు. "కోరయ్య బావా! నువ్వేనా? పిల్లల్ని నువ్వే తెచ్చావా?"

"ఆ... వచ్చారు," అన్నాడు కోరయ్య భయంగా.

"ఎంత మంచి తండ్రివయ్యా! ఎవరక్కడ, బావకి కల్లు పొయ్యండి!" ఎవరూ లేరు కాబట్టి తనే పోశాడు.

"ఈ రోజుల్లో ఇలాంటి మగాడు ఎక్కడ దొరుకుతాడు!" డిప్పవ్వ కళ్లు తుడుచుకుంది. "అదృష్టవంతురాలివే వరాలూ. నీ స్థానంలో నేనుంటే కాళ్లకి మొక్కేదాన్ని."

నిన్నటి పిల్లే మళ్లీ వెళ్లి పింఛయ్య తోక పొడిచింది. పింఛయ్య ముసిముసిగా నవ్వాడు. "పసిపిల్లలు కదా, ఆడుకోనీ. పిల్లల సందడి లేని చోటూ ఒక చోటేనా!"

కోరయ్య ఛాతీ ఉబ్బింది. మొదటి దొప్ప తాగాడు. రెండోదీ తాగాడు. పిల్లల్ని ఎలా పెంచాలో భల్లయ్యకి చెప్పడం మొదలుపెట్టాడు. "అసలు విషయం ఏంటంటే ఓపిక ఉండాలి..."

భల్లయ్య అతని మాటలు వింటూ, తన చెవిని కొరుకుతున్న పందిపిల్ల కీచులు వింటూ, నిన్నటి సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకుంటూ, పూర్తిగా అయోమయంలో పడ్డాడు. గోల అదే. పిల్లలూ వాళ్లే. తన చెవి కూడా నిన్నటిదే. నిన్న చెవులు చిల్లులు పడ్డాయన్నారు, ఇవాళ ముద్దొస్తోందంటున్నారు. చెవి మారిందా అని తడిమి చూసుకున్నాడు.

వరాలుకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ దాచుకోవడానికి మళ్లీ చెలమలో మూతి పెట్టింది.

కాసేపటికి పిల్లలకి ఆకలేసింది. ఆకలేసిన పందిపిల్లల కేక ముందు నెమలి కేక లాలిపాట. అందరూ కలిసి తండ్రి మీద పడ్డారు. పొట్ట కింద మూతులు పెట్టి వెతికారు.

"అక్కడేం లేదురా!" కోరయ్య గిలిగింతలతో మెలికలు తిరిగాడు.

"నాన్నా, నీకు పాలు రావా?" అన్నాడు చిన్నవాడు.

"రావు."

"కందగడ్డ తవ్విస్తావా?"

"ఇప్పుడా? కల్లు తాగాను కదరా."

"కథ చెప్తావా?"

"నాకు రాదు."

చిన్నవాడు కాసేపు ఆలోచించాడు. కోపం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. "మరి నువ్వెందుకు నాన్నా?"

కోరయ్య జవాబు వెతుక్కుంటూ దొప్పలోకి చూశాడు. మరుక్షణం ఛపాక్ అని చప్పుడు. పిల్లలంతా తిండి వెతుక్కుంటూ కల్లుతొట్టిలోకి దూకారు. తొట్టి లోతు వాళ్ల మోకాళ్ల దాకానే. కానీ వాళ్ల మట్టికాళ్లు అందులో తిరుగుతున్నాయి, పులిసిన పూలు నోళ్లలోకి పోతున్నాయి, వేసవంతా కాచుకున్న కల్లు ఒడ్డు దాటి ఇసకలోకి ఇంకుతోంది.

"నా కల్లు!" జంబన్న గుండెలు బాదుకున్నాడు. "బావా, పిలువు పిల్లల్ని!"

"రండర్రా," అన్నాడు కోరయ్య. ఎవరూ తిరిగి చూడలేదు. "వాళ్ల పేర్లేంటి వరాలూ?"

"వరాలక్కా! నీ పిల్లల్ని తీసుకో!"

వరాలు కదల్లేదు. పిల్లల ఏడుపుకి చన్నుల్లో పాలు చేపుకొస్తున్నాయి, కాళ్లు లేవమంటున్నాయి. ఇసకలో గిట్టలు దిగేసి కూర్చుంది. చూపు మాత్రం తొట్టి మీదే ఉంది.

"నేను తీసుకోకూడదు తమ్ముడూ. పిల్లల్ని చూసుకునే తల్లి కనపడితే ఆ క్షణమే బయటికన్నారు కదా. ఇప్పుడు లేచి వాళ్లని ముట్టుకున్నానంటే నువ్వు నన్ను గెంటాలి. నన్ను గెంటితే వాళ్లూ నా వెనకే వస్తారు. రేపు పొద్దున పాలు లేకపోతే నిన్నడగాలి. నిన్నడిగితే ఇస్తావా?"

"అబ్బా, మాటవరసకి పెట్టిన నియమం! నేను తీసేశాను, లే!"

"నువ్వు తీస్తే పోదు. చిలక చెప్పాలి."

జంబన్న చెట్టు మొదట్లోకి పరిగెత్తాడు. "చిలకా! తల్లులు పిల్లల్ని తేవచ్చని చెప్పు!"

చిలక నోరు తెరిచేలోగా భల్లయ్య అడ్డం వచ్చాడు. "అంటే తండ్రులు తేకూడదా? ఇప్పుడు తెచ్చింది తండ్రే కదా? నాకర్థం కావట్లేదు."

"సరే, తండ్రులే తేవాలని చెప్పు!"

"ఏయ్!" కోరయ్య ఎగిరిపడ్డాడు. "నన్నెందుకు లాగుతున్నావ్?"

"మంచి తల్లులు మాత్రం తేవచ్చని చెప్పు," అంది డిప్పవ్వ.

"మంచి తల్లంటే ఎవరవ్వా?" అన్నాడు భల్లయ్య. "తెచ్చేదా, వదిలొచ్చేదా?"

డిప్పవ్వ ఎందుకో వాగు ఇసక వైపు ఒకసారి చూసి, మెడ లోపలికి లాక్కుంది.

"నిశ్శబ్దంగా ఉండే పిల్లలు రావచ్చని చెప్పు," అన్నాడు పింఛయ్య.

"అలాంటి పిల్లలు ఏ చెట్టుకి కాస్తారు?" అంది చిలక పైనుంచి. అంతసేపట్లో అది సొంతంగా అన్న మాట అదొక్కటే.

తొట్టిలో కల్లు సగానికి దిగిపోయింది. జంబన్నకి ఏది చెప్పినా ఏదో ఒకటి అడ్డం తగులుతోంది. తల పట్టుకుని వరాలు ముందు కూలబడ్డాడు. "ఏం చెప్పాలో నువ్వే చెప్పక్కా, నీకు దణ్ణం పెడతాను."

"కష్టమేముంది? పాత మాట తీసేసి, పిల్లలు కూడా రావచ్చని చెప్పు. ఎవరితో రావాలో అందులో చేర్చకు. ఇది తాగే చోటు. దాహం వాళ్లకీ వేస్తుంది."

"అంతేనా?"

"అంతే."

చిలక గొంతు సవరించుకుని అడవంతా వినపడేలా అరిచింది. "పాత మాట రద్దు! ఈ కొట్టుకి పిల్లలు కూడా రావచ్చు!"

ఆ మాట పూర్తవకముందే వరాలు లేచింది. ఎవరి మీదా అరవలేదు. గొంతులోంచి ఒక్క చిన్న గురక లాంటి పిలుపు. పిల్లలంతా తొట్టిలోంచి బయటపడి, కల్లు మత్తులో ఒకరి మీద ఒకరు తూలుతూ ఆమె వెనక చేరారు. ఆమె చెలమ పక్కనే పక్కకి ఒరిగింది. ఎవరి చన్ను వాళ్లకి దొరికింది. కొట్టంతా ఇప్పపువ్వు రాలితే వినపడేంత నెమ్మదిగా మారింది.

కోరయ్య మెల్లగా వచ్చి పక్కన నిలబడ్డాడు. "పేర్లు చెప్పు వరాలూ. ఒక్కొక్కటే."

"రేపు చెప్తాను. ముందు మనవాళ్లు ఎంతమందో చూసుకో."

అతను చూసుకుంటున్నాడు. మధ్యలో తప్పి మళ్లీ మొదటికొస్తున్నాడు. భల్లయ్య సాయానికి వచ్చి ఇంకా తప్పిస్తున్నాడు.

అడుగంటిన తొట్టి ముందు జంబన్న కూర్చుని ఉన్నాడు. పిల్లలు వద్దనే ధైర్యం లేక తల్లులు వద్దన్నాడు. చివరికి పిల్లలకీ తల్లులకీ కూడా దారి తనే తెరవాల్సి వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాడు.

అంతలో గండం గడిచిందన్న ఆనందంలో పింఛయ్య పురి విప్పి, మెడ సాచి, గొంతెత్తి ఒక్క కేక పెట్టాడు. కొండ అవతల గబ్బిలాలు లేచాయి. ఉడత మళ్లీ జారిపడింది. పాలు తాగుతున్న చిన్నవాడు ఉలిక్కిపడి తల ఎత్తాడు.

"అమ్మా," అన్నాడు పాలమూతితో, "ఆయనగారి అమ్మ ఎక్కడ? వచ్చి బయటికి తీసుకెళ్లదేం?"

భల్లయ్య చెవి తడుముకుంటూ మెల్లగా తలూపాడు. "ఆ," అన్నాడు, "ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది."

నీతి: పిల్లల గోల భరించలేమనేవాళ్లని కాస్త కదిపి చూడండి, వాళ్లు భరించలేనిది చాలాసార్లు గోలని కాదు, దాని పక్కన కాసేపు కూర్చుందామనుకున్న తల్లిని.